మొదటి పొరుగువాడి గొంతు

వెస్టర్‌మోర్, 8 జనవరి 1987

తమ్ముడు ఎగ్బర్ట్‌కు,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలని కోరుతూ అక్క హెర్మీనా రాస్తున్నది.

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదని నీకు తెలుసు. బడి వదిలాక చర్చి మహిళా సంఘం నోటీసులు తప్ప నేను రాసింది లేదు. అయినా ఇవాళ కలం పట్టుకుని కూర్చున్నాను. ఫోనులో నువ్వు మూడుసార్లు "గట్టిగా మాట్లాడక్కా, వినపడట్లేదు" అన్నావు. నాలుగోసారి పెట్టేశావు. నా గొంతు పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే. కాగితం మీదైతే నన్ను గట్టిగా మాట్లాడమనేవాళ్లు ఎవరూ ఉండరు.

క్రిస్మస్ రెండో రోజున బఠాణీ సూపు సగంలో వదిలేసి లేచిపోయావు. నీ మఫ్లరు ఇంకా మేకుకే వేలాడుతున్నది. పండగపూట గుమ్మంలోకి రావడం వోల్టర్ హక్కు. అతను మన మొదటి పొరుగు. నువ్వు పుట్టినప్పుడు ఎండుద్రాక్షల రొట్టె మోసుకొచ్చింది వాళ్ల నాన్న. రేపు మన ఇంట్లో ఎవరు పోయినా ఇల్లిల్లూ తిరిగి కబురు చెప్పేది, శవపేటిక ముందు కొస పట్టేది వోల్టరే. అలాంటివాడు "ఏమయ్యా ఎగ్బర్ట్, కారు మీద ఆ జాడ తీసే గుండ్రటి తీగ లేదే, ఇవాళ సెలవా?" అంటే నవ్వి ఊరుకోవచ్చు కదా. నువ్వేమో "నా తీగ సంగతి సరే, నీ కొట్టం వెనక మొలిచిన ఇనప చెట్టు సంగతి చెప్పు" అన్నావు. మంచం మీద నుంచి పెద్దమ్మ "ముందు తినండ్రా, తరవాత కొట్టుకోండి" అని అరుస్తూనే ఉంది.

నువ్వు తూర్పు జిల్లాకు, అందులోనూ ఈ దొంగ రేడియోలు పట్టే పనికి మారావని విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. నా భయం ఒక్కటే. నీ చేత్తోనే వోల్టర్ జైలుకు పోతే, ఈ రెండిళ్ల మధ్య నేనెలా బతకాలి?

పెద్దమ్మకు చూపు పోయి ఆరేళ్లు. ఇప్పుడు మంచం కూడా దిగలేదు. ఆమెకు వారం అంటే శనివారమే. రెండింటికి వోల్టర్ తన "బూడిద కొంగ" రేడియో మొదలుపెడతాడు. అకార్డియన్ పాటలు, ఏడుపు పాటలు, మధ్యలో పేర్లు. పీటు మట్టి గట్టు మీది యాన్ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది. వంతెన అవతల కవలలు పుట్టారు. ఆ తరవాత ప్రతి వారం, "కిటికీ పక్కన పడుకున్న దీకమ్మకు, ఎనభై ఆరేళ్ల పడుచుకు, ఈ వాల్ట్జ్ పాట." పెద్దమ్మ చేతులు దుప్పటి మీద తాళం వేస్తాయి. "చూశావా మీనా, ఈ వారం కూడా బతికే ఉన్నానని వోల్టర్ చెప్పాడు" అంటుంది.

పై అధికారులకు లోబడమని పౌలు రాశాడు. లైసెన్సు లేకుండా మాట్లాడటం తప్పయితే, వినడం కూడా తప్పేనా? పాస్టరు గారిని అడిగాను. "పోయిన వారం నా పేరు కూడా చదివాడమ్మా" అని మాట మార్చేశారు. నువ్వైనా చెప్పు.

ఇక్కడ మంచు లేదు, ఎండ బాగుంది. మూడింటికి వోల్టర్ కొట్టం వెనక రేడియో స్తంభం నీడ సరిగ్గా నా బట్టల తీగ మీద పడుతుంది. ఆరేసిన దుప్పట్ల మీద ఎవరో స్కేలుతో గీత గీసినట్టు ఉంటుంది.

నీ అక్క,
హెర్మీనా

---

జ్వోలె, 13 జనవరి

అక్కా,

ఉత్తరం చేరింది. ఇలాంటివి నాకు రాయకు. ముఖ్యంగా నీడలు, దుప్పట్లు. చదివినదాన్ని నేను చదవనట్టు చేసుకోలేను.

నా పని ఎలా ఉంటుందో నువ్వు ఎప్పుడూ అడగలేదు. చెబుతాను. నేనూ, నా జతగాడు లంబర్టూ జాడ తీసే కారులో మీ వైపు బయల్దేరితే మొదటి మలుపులోనే ఎవరో కిటికీ తెర సర్దుతారు. రెండో మలుపులో గడ్డిమోపుల ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా ఆగిపోతుంది. డ్రైవరు దిగి, టోపీ తీసి మరీ క్షమాపణ చెబుతాడు. మూడో మలుపుకు మా రేడియోలోనే వోల్టర్ గొంతు వినిపిస్తుంది: "జ్వోలె నుంచి చుట్టాలొస్తున్నారట, వాళ్ల కోసం ఒక పాట." మేం చేరేసరికి ప్రసార యంత్రం ఉండదు, కాఫీ ఉంటుంది. ఒక్కరోజున ఐదిళ్లలో కాఫీ తాగి లంబర్ట్ కడుపు పాడుచేసుకున్నాడు. "అన్నా, దొంగల్ని చూశాను గానీ ఇంత మర్యాదస్తుల్ని చూళ్లేదు" అంటాడు.

నవ్వు వస్తుంది, నిజమే. అయితే రెండేళ్ల కిందట ఇంకో జిల్లాలో ఒకడి పాట ఆంబులెన్సుల తరంగం మీదికి ఒరిగింది. డ్రైవరుకు అడ్రసు వినపడలేదు, ఆ ఇంటికి వేళకు చేరలేదు. ఆ ఇంటికి తరవాత వెళ్లి కొలతలు తీసింది నేను. ఆ ఇంటావిడ నాకు కుర్చీ వేసింది.

వోల్టర్ యంత్రం అలాంటిది కాదు. పక్కవాడి తరంగం మీదికి ఒక్క గీత కూడా జరగదు. పాల తొట్టి పక్కన కూర్చుని సొంతంగా అంత శుభ్రమైన యంత్రం కట్టినవాణ్ణి నా ఉద్యోగంలో ఇంకొకణ్ణి చూడలేదు. మీలాంటి చిన్న చోటుకు లైసెన్సు అడిగినా ఇవ్వరన్నది కూడా నిజమే. కానీ అతణ్ణి వదిలేస్తే ఆంబులెన్సుకు అడ్డుపడేవాణ్ణి ఏ ముఖంతో పట్టుకోను?

ఇప్పటికి రెండుసార్లు దొరికాడు. మూడోసారైతే నాలుగు వారాల జైలు అని జడ్జి ముందే చెప్పారు. పద్దెనిమిది ఆవులున్న ఒంటిగాడు. నువ్వు చెబితే వింటాడు. మానెయ్యమని చెప్పు.

వినడం తప్పు కాదు. పెద్దమ్మను విననివ్వు.

ఎగ్బర్ట్

---

వెస్టర్‌మోర్, 2 ఫిబ్రవరి

ఎగ్బర్ట్,

ఈసారి దీవెన రాయడానికి నా చెయ్యి కదలలేదు. ప్రభువు క్షమించాలి.

శనివారం నేను చర్చి తుడవడానికి వెళ్లాను. ఆ వేళకే మీవాళ్లు ఐదుగురు వచ్చారు. మూడింటికి ఎవరినీ దారి అడక్కుండా నేరుగా వోల్టర్ కొట్టం వెనక్కి నడిచారట. గడ్డి, పాలగది, బంగాళాదుంపల గుట్ట, అన్నీ వెతికారు. యంత్రం దొరకలేదు. రెండు వారాల్లో స్తంభం దించాలని కాగితం ఇచ్చి, కాఫీ తాగకుండా పోయారు.

నా దుప్పట్ల మీది గీత నువ్వే వాళ్లకు చెప్పావా?

పోస్టుమాన్ నోరు ఊరుకోదు. నేను జ్వోలెకు ఉత్తరం వేశానని ఊరంతా తెలిసింది. నిన్న ప్రార్థనలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మిల్లు ఇంటి సీనా నా వైపు చూడకుండానే, "కొందరికి గొంతు చిన్నదే గానీ కలం పెద్దది" అన్నది. ఇరవయ్యేళ్లుగా ఆ మనిషి పక్కన నిలబడి కీర్తనలు పాడుతున్నాను.

వోల్టర్‌కు మానెయ్యమని నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. "మానేస్తే దీకమ్మకు శనివారం ఎవరు తెచ్చిపెడతారు హెర్మీనా?" అన్నాడు.

హెర్మీనా

---

జ్వోలె, 6 ఫిబ్రవరి

అక్కా,

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే పొయ్యిలో వేశాను. అందులో నీడ ఉంది కాబట్టి. అప్పటికి నువ్వు రాసిన ఒకే ఒక్క ఉత్తరం, చిన్నప్పటి నీ చేతిరాత, నా చేత్తోనే కాల్చాను. అప్పుడు నాకెలా ఉందో నీకు తెలియదు.

ఆ శనివారం నన్ను పంపవద్దని మా అధికారిని నేనే అడిగాను. మూడు రోడ్ల మీద మూడు కార్లు నిలబెట్టి, గొంతు వచ్చే దిక్కుగా మూడు గీతలు గీస్తే అవి ఒక కొట్టం మీద కలుస్తాయి. దానికి నీ దుప్పట్లు అక్కర్లేదు. అడగకుండానే నా మీద నింద వేశావు. ఆ ఉత్తరం వోల్టరే పక్కన కూర్చుని రాయించాడా? అతని మాటల పోకడే కనిపించింది నాకు.

యంత్రం చేతికి దొరికితే తప్ప కేసు నిలవదు. గొంతు తెలుసు, స్తంభం తెలుసు. కోర్టులో "ఆ గొంతు నాది కాదు" అంటే చాలు. అది ఎక్కడుందో నిన్ను అడగను. నువ్వూ చెప్పకు.

ఇంకో మాట. కొంగ మూగబోయినా ఆ తరంగం మీద మా రికార్డరు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదింటి దాకా తిరుగుతూనే ఉంటుంది. నేను చెవికి తగిలించుకుని కూర్చుంటాను. రోజంతా చినుకు పడుతున్నట్టు ఒకటే చప్పుడు. రేపు శనివారం రెండింటికి కూడా అదే చప్పుడైతే భరించలేననిపిస్తోంది. ఇది ఎవరికీ చెప్పకు.

ఎగ్బర్ట్

---

వెస్టర్‌మోర్, 23 ఫిబ్రవరి

తమ్ముడూ,

ప్రభువు నిన్ను కాపాడుగాక. నీ మీద నింద వేసినందుకు తప్పు ఒప్పుకుంటున్నాను. కానీ నా ఉత్తరాలు ఎవరూ రాయించరు. నాకు తల ఉంది, అందులో మాటలు కూడా ఉన్నాయి.

గురువారం నాకు యాభై నిండాయి. ముందు రోజంతా, నా వాకిట్లో శారా బొమ్మ నిలబడదేమో అనుకుంటూనే గడిపాను. ఈ వీధిలో ఏ ఆడదానికి యాభై నిండినా గడ్డి కూరి, గౌను తొడిగి, బొమ్మను నిలబెట్టడానికి పదిమంది వస్తారు. నా విషయంలో ఎవరొస్తారు? పొద్దున తెర తీశాను. బొమ్మ ఉంది. ఒక్కటే, కొంచెం వంకరగా. దాని ఒంటి మీద వోల్టర్ వాళ్లమ్మ నల్లకోటు, తలకు ఆవిడ ఆదివారం టోపీ. వోల్టర్ అప్పటికే పాలు పిండటానికి వెళ్లిపోయాడు. నేను వెళ్లి థాంక్స్ చెబితే, "మొదటి పొరుగు పని ఇది. దీనికి థాంక్సెందుకు? కోటు మాత్రం వానకు తడవనీకు" అన్నాడు. కేకు చేశాను. పెద్దమ్మ, నేను, వోల్టర్ తిన్నాం. తక్కినది కోళ్లకు పోయింది.

స్తంభం దించేశాడు. దించేటప్పుడు ఊరివాళ్లు వచ్చి టోపీలు తీసి నిలబడ్డారు, మనిషి పోయినట్టు. పోయినవారం ఎవరెవరు ఏ పూట అతని ఆవుల పాలు పిండాలో కూడా రాసుకున్నారట, ఒకవేళ జైలుకు పోతే అని. నా పేరు రాయలేదు.

పెద్దమ్మ తిండి తగ్గించింది. శనివారం మధ్యాహ్నం "కొంగ ఎగిరిపోయిందా?" అని అడుగుతుంది. "రెక్క నొప్పట, విశ్రాంతి తీసుకుంటున్నది" అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది కావచ్చు. నీకు చెప్పలేనిది ఇంకొకటి ఉంది. అది అబద్ధం కాదు, చెప్పకపోవడం మాత్రమే. రెండూ ఒకటేనా అని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను.

వీలైతే ఒకసారి వచ్చి చూసిపో. సూపు పూర్తిగా తిని వెళ్లు.

అక్క

---

జ్వోలె, 16 మార్చి

అక్కా,

అంత్యక్రియల రోజున నీతో సరిగ్గా మాట్లాడలేదు. గదినిండా మనుషులు, కాఫీ, రొట్టె. వోల్టర్‌కు చెయ్యి ఇచ్చాను గానీ ముఖం చూడలేకపోయాను. మూడో తారీఖున ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి.

ఆ రోజు వాన పడుతూనే గాజులా గడ్డకట్టింది. మీ వైపు కరెంటు పోయింది, టెలిఫోను తీగలు తెగాయి, బ్యాటరీ రేడియోలే మిగిలాయి. నేనూ లంబర్టూ ఆఫీసులో ఉన్నాం. పదింటికి ఆ చినుకు చప్పుడు ఆగిపోయింది. సన్నగా, దూరంగా, ట్రాక్టరు జెనరేటరు గురక వెనకగా అతని గొంతు వచ్చింది. పాట లేదు.

"నేను వోల్టర్ అస్సింక్. దీకా లూటెన్ ఇంటికి మొదటి పొరుగును. ఆ ఇంటి తరఫున కబురు చెప్పడానికి వచ్చాను. ఇవాళ పొద్దున ఆరున్నరకు ప్రభువు ఆమెను తన దగ్గరికి పిలుచుకున్నాడు."

ఆ తరవాత ఒక్కో ఇల్లూ పేరుపెట్టి పిలిచాడు. మిల్లు ఇంటివారికి. పీటు గట్టు వారికి. వంతెన అవతలి రెండిళ్లవారికి. ప్రతి పేరు తరవాతా తలుపు తట్టి, తెరిచేదాకా నిలబడినట్టు అంతసేపు ఆగాడు. మళ్లీ అదే మాట మొదటి నుంచి చెప్పాడు. ఇరవై మూడు ఇళ్లు. లంబర్ట్ చెవులకు పెట్టుకున్నది తీసేసి "అన్నా, ఇది మనం వినాల్సింది కాదు" అన్నాడు. రికార్డరు మాత్రం తిరుగుతూనే ఉంది. ఆఖర్న ఇలా అన్నాడు: "జ్వోలెలో ఉన్న ఎగ్బర్ట్‌కు. దీకమ్మ పెంచిన బిడ్డకు. వింటున్నావని తెలుసు. రోడ్లు బాగాలేవు, తొందరపడి రాకు. మేం ఆమె దగ్గరే ఉన్నాం."

నా ఉద్యోగంలో అంత గట్టి సాక్ష్యం ఎప్పుడూ దొరకలేదు. పేరు, ఊరు, ఇల్లు, అన్నీ తన నోటితో. రిపోర్టు ఉన్నది ఉన్నట్టు రాశాను. చింపేయాలని అనిపించలేదనను. అడుగున "మృతురాలు నన్ను పెంచిన తల్లి" అని రాసి, కేసు నుంచి నన్ను తప్పించమన్నాను.

అంతటితో పోలేదు. శుక్రవారం వోల్టర్ మా ఆఫీసుకు వచ్చాడు, బండిలో యంత్రం పెట్టుకుని. మా అధికారి బల్ల మీద దించి, "చావు జరిగిన ఇంటివాళ్లను ఆరు వారాలు ఇబ్బంది పెట్టకూడదు సార్. దీని కోసం మీరొస్తే వాళ్ల గుమ్మం ముందు కార్లు ఆగుతాయి. అందుకే నేనే తెచ్చాను" అన్నాడు. మా అధికారి ఫారాల సొరుగు రెండుసార్లు తెరిచి మూశాడు. తనంతట తాను తెచ్చి ఇచ్చేవాడి కోసం మా దగ్గర ఫారం లేదు. ఆ రెండుసార్ల తరవాత మూడు కార్లు చేయలేని పని ఆచారం చేసిపెట్టింది. నిలబడి చూస్తున్న నాకు గర్వమో సిగ్గో తెలియలేదు.

అయినా ఒకటి మింగుడు పడటం లేదు. చెప్పేవాడు తన పేరు చెప్పని చావు కబురు కబురు కాదని నాకూ తెలుసు. కానీ రేడియోలోనే ఎందుకు? బూట్లకు మేకులు కట్టుకుని నడిచి వెళ్లవచ్చు కదా. నేను వింటానని తెలిసి, పెద్దమ్మ చావులో కూడా నన్ను ఓడించాలనుకున్నాడా?

ఇంకొకటి. యంత్రాన్ని చుట్టిన దుప్పటి నీలి చారలది, మూల మాసికతో. అది పెద్దమ్మది. అతని దగ్గరికి ఎలా వచ్చింది?

విచారణ ఏప్రిల్ 14న.

ఎగ్బర్ట్

---

వెస్టర్‌మోర్, 20 మార్చి

తమ్ముడు ఎగ్బర్ట్‌కు,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండుగాక. నాకు కూడా.

దుప్పటి సంగతి ముందు చెబుతాను. మీవాళ్లు ఐదుగురు కొట్టం వెతికిన రోజున యంత్రం పెద్దమ్మ మంచం కింద ఉంది. నేను చర్చిలో ఉండగా వోల్టర్ పెరటి తలుపున మోసుకొచ్చాడు. అప్పుడే ఆపిన యంత్రం, ఇంకా వేడిగా ఉందట. పెద్దమ్మ "కాళ్లకు హాయిగా ఉందిరా, ఇక్కడే ఉండనీ" అని తన దుప్పటి ఇచ్చిందట. అధికారి అక్క ఇంట్లో ఎవరు వెతుకుతారు? సోమవారం నీకు ఆ కోపపు ఉత్తరం పోస్టు చేసి వచ్చి, ఇల్లు ఊడుస్తుంటే నా చీపురుకు తగిలింది. అప్పటి నుంచి నోరు మూసుకున్నాను. ఊరంతా నన్ను చాడీకోరు అనుకుంటుంటే, నేను దాని మీద దుమ్ము తుడుస్తూ బతికాను. వోల్టర్ ఒక్కడికే తెలుసు. అందుకే ఆ బొమ్మను అతను ఒక్కడే నిలబెట్టాడు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు వోల్టర్‌ను అడుగుతున్నావు. నన్ను అడుగు.

ఆ పొద్దున పెద్దమ్మ నా చేతిలోనే వెళ్లిపోయింది, ప్రశాంతంగా. వోల్టర్ వచ్చి ఆచారం ప్రకారం గడియారం ఆపాడు, అద్దానికి గుడ్డ కప్పాడు. తరవాత నువ్వు అన్నట్టే బూట్లకు మేకులు కట్టుకున్నాడు. గుమ్మం దాటి పది అడుగులు వేయకముందే రెండుసార్లు పడ్డాడు. రెండోసారి లేవడానికి చాలాసేపు పట్టింది. ఇరవై మూడు ఇళ్లు తిరగాలి. తిరిగినా నీ దగ్గరికి ఎవరు నడుస్తారు? ఫోను లేదు. పెద్దమ్మ పోయిన సంగతి నీకు తెలియకుండా పొద్దు గడిచిపోతుందని తలుచుకుంటేనే ఓర్చుకోలేకపోయాను.

నేనే అన్నాను: "వోల్టర్, మంచం కింద ఉన్నదాన్ని బయటికి తియ్యి."

"హెర్మీనా, నీకు మతి పోయిందా? నీ తమ్ముడు వింటుంటాడు."

"అందుకే."

అతను బూట్ల మేకులు విప్పాడు. "కబురు చెప్పేవాడు పేరు చెప్పాలి. తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు."

అంతే. కొట్టం నుంచి తీగ లాగాడు, దాని రెండో కొసను మన అటక కిటికీ గొళ్లేనికి కట్టింది ఈ చేతులే. అతను ఆ పేర్లు చదువుతున్నంతసేపూ కిటికీ దగ్గర తీగ పట్టుకుని నిలబడ్డాను, మంచు బరువుకు తెగకుండా. నువ్వు వింటావని నాకెలా తెలుసంటావా? రోజంతా చినుకు చప్పుడు వింటానని నువ్వే రాశావు. నిన్ను ఓడించడానికి కాదురా. నిన్ను చేరడానికి నాకు మరో దారి లేదు.

పై అధికారులకు లోబడమని పౌలు రాసిన మాట నాకు ఆ పూట కూడా గుర్తుంది. తెలిసే చేశాను. తప్పు చేసింది నేను, శిక్ష పడేది అతనికి. నిన్న అదే అంటే వోల్టర్ "కబురు చెప్పేది మొదటి పొరుగు నోరు. ఎవరు చెప్పమన్నారన్నది ఎవరూ అడగరు. నువ్వు ఇంట్లో కూర్చో" అన్నాడు. నేను కూర్చోను. ఏప్రిల్ పద్నాలుగున ఉదయం బస్సుకు వస్తాను. జడ్జి ముందు నిలబడి చెబుతాను. గట్టిగా మాట్లాడమంటే గట్టిగానే మాట్లాడతాను. ఈ పదిహేను రోజులుగా కోళ్ల గూటి ముందు నిలబడి అలవాటు చేసుకుంటున్నాను.

సీనా బుధవారం వచ్చింది. పాలు పిండేవాళ్ల కాగితం తెచ్చి, బల్ల మీద పెట్టి, "మంగళవారం పొద్దున నీ పేరు రాశాను, కుదురుతుందా?" అన్నది. కుదురుతుందన్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం.

పోయిన శనివారం రెండింటికి అలవాటుగా రేడియో పెట్టాను. అదే చోట ఎవరిదో కొత్త గొంతు, "వోల్టర్‌కు, హెర్మీనాకు" అని ఒక వాల్ట్జ్ వేసింది. ఎవరో నేను చెప్పను, నువ్వు అడగవు. నీ పని నువ్వు చెయ్యి. నువ్వు రిపోర్టు చింపి ఉంటే నేను నిన్ను ఇంతగా మెచ్చుకునేదాన్ని కాదు.

మొదటి ఉత్తరం కాల్చావు. దీన్ని కాల్చకు. ఇందులో దుప్పటి ఉంది, తీగ ఉంది, నా తప్పు మొత్తం ఉంది. అయినా దాచు. పెద్దమ్మ గురించి నేను రాసింది ఇదొక్కటే. నీ బల్ల అడుగు సొరుగులో, నీ మఫ్లరులో చుట్టి పెట్టుకో. మఫ్లరు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మీ అధికారికి గానీ, లంబర్ట్‌కు గానీ, జడ్జికి గానీ చూపకు. వాళ్లు ఇదంతా నా గొంతులోనే వినాలి.

నీ అక్క,
హెర్మీనా